పళ్లెంలో గ్లాసుల చప్పుడు

మా పెద్దనాయిన పోయాడు. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వికారాబాదులో పాఠం చెప్పడానికి కాలేజీకి బయలుదేరి షేర్ ఆటోలో కూర్చుని ఉన్నాను. ఆమె ఏడవలేదు. "నీ పెద్దనాయిన పొద్దుగాల లేవలే బిడ్డా, జల్ది రా" అని ఊరుకుంది. పక్కనున్నావిడ నా ముఖం చూసి ఏమీ అడక్కుండానే తన సంచి ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. నాకు కావలసింది చోటు కాదు, దిగడం. దిగి, ఎదురుగా వచ్చిన తాండూరు బస్సెక్కాను.

సాయంత్రం తాండూరులో మా చర్చిలో భూస్థాపన కూడిక జరిగింది. పెట్టె మూత ఇంకా వేయలేదు. ఆయన గురించి తెలిసినవాళ్లు రెండు మాటలు చెప్పమన్నారు అయ్యగారు. అయ్యగారంటే మా పాస్టరు. బండల లారీలకు లోడు ఎక్కించే తమ్ముడొకడు లేచాడు. మాకు రక్తసంబంధం లేదు, చర్చిలో మా వెనక వరసలో కూర్చుంటాడు, నన్ను అక్కా అంటాడు. మైకు పట్టుకుని కాసేపు ఏడ్చి, అప్పుడు చెప్పాడు. "పెద్దయ్య ముందుగాల నా లెక్కనే కల్లుకు బానిస. ఆయన బంద్ జేసిండు. తర్వాత నా చెయ్యి వట్టుకొని నాతోని బంద్ జేపిచ్చిండు."

చర్చి అంతా స్తోత్రం అన్నది.

మా పెద్దనాయిన తన జీవితంలో కల్లు చుక్క ముట్టలేదు. ఆ సంగతి ఆ హాల్లో ఖాయంగా తెలిసినవాళ్లం పెద్దమ్మా నేనూ. నేను లేవబోయాను. పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కూర్చుండిపోయాను. చనిపోయిన మనిషిని ఆయన ముఖం మీదే తాగుబోతు అంటుంటే, ఆయన పెంచిన బిడ్డనై ఉండి, నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ రోజు నుంచి ఆ వేడి పోలేదు. ఇది దాంతోనే రాస్తున్నాను.

మా వాళ్లది పెద్దేముల్ దగ్గర పల్లె. తాత ఆసాముల పొలాల్లో కూలి చేసేవాడు. కల్లు లేనిదే ఆయనకు పొద్దు గడిచేది కాదు. కల్లు దుకాణం ముందు పడిపోయిన తాతను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేది మా పెద్దనాయినే. అప్పటికి ఆయనకే సరిగా మీసాలు రాలేదట. అలా మోసీ మోసీ ఆ వాసన తగిలితేనే ఆయన ముక్కు మూసుకునేవాడు. పెళ్లిళ్లలో ఎవరైనా ఒక గ్లాసు పుచ్చుకొమ్మని బలవంతం చేస్తే, లేచి చెప్పులు వెతుక్కునేవాడు. చర్చిలో కుర్రాళ్లను పక్కకు పిలిచి కల్లు మానమని నచ్చజెప్పే అలవాటు కూడా ఉండేది. ఆ అలవాటు కొందరికి గిట్టేది కాదు. అది తర్వాత పనికొచ్చింది వాళ్లకు.

ఆయన తాండూరు వచ్చి బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరాడు. పగలంతా మిషన్ మోత, తెల్లటి బురదనీళ్లు. ఇంటికొచ్చి ఎంత రుద్ది స్నానం చేసినా చెవుల వెనక బండపొడి మిగిలేది, పెద్దమ్మ కొంగుతో తుడిచేది. వాళ్లకు పిల్లలు లేరు. నా చిన్నతనంలోనే మా అమ్మానాన్నలు పోతే నన్ను పెంచి చదివించింది వాళ్లే. నేను ఏదైనా పనికి హడావుడి పడితే ఆయన ఒకటే మాట అనేవాడు: "తొందరేమున్నది బిడ్డా, బండ యాడికి పోతది?" నేను పరీక్షకు పోతున్నా అదే మాట, రైలు తప్పిపోతున్నా అదే మాట. ఒకసారి నిజంగానే రైలు తప్పింది. "ఇంకోటి వస్తది తియ్యి" అని ప్లాట్‌ఫారం మీద శనగలు కొనిపెట్టాడు.

ఇక ఆ పళ్లెం గురించి చెప్పాలి. మా చర్చిలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. వరసగా మోకాళ్ల మీద కూర్చుని తలలు వంచుకుంటాం. అయ్యగారు ఒక్కొక్కరికి రొట్టె ముక్క ఇచ్చుకుంటూ పోతారు. ఆయన వెనకాలే ద్రాక్షరసం పోసిన చిన్న గాజు గ్లాసుల పళ్లెం పట్టుకుని సంఘ పెద్ద ఒకరు వస్తారు. మా చర్చిలో ఆ పళ్లెం ఏళ్ల తరబడి పెద్దనాయిన చేతుల్లోనే ఉండేది. ముందురోజు సాయంత్రం గ్లాసులు ఇంటికి తెచ్చుకుని తనే కడిగేవాడు. పెద్దమ్మను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతులు కడుక్కుని, కడుక్కున్న చేతులతో మళ్లీ దేన్నీ ముట్టకుండా నడుచుకుంటూ చర్చికి పోయేవాడు. గేటు కూడా నేనే తీయాలి. పళ్లెం నిండా గ్లాసులున్నా చిన్న చప్పుడు వచ్చేది కాదు. మీ ముందుకు వచ్చి నిలబడ్డాడని ఆయన పాదాలు కనిపిస్తేనే తెలిసేది. అందులో ఆయనకు కాస్త గర్వం ఉండేది, దాచుకునేవాడు కూడా కాదు. "గ్లాసులు మాట్లాడొద్దు బిడ్డా. మనిషి దేవునితోని మాట్లాడుతుంటడు, నడుమల ఇవెందుకు?" అనేవాడు.

వణుకు కుడిచేతి బొటనవేలితో మొదలైంది. ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ ఏదో నలుపుతున్నట్టు కదిలేవి. అప్పటికి ఫ్యాక్టరీ పని మానేశాడు. ఏంటిది పెద్దనాయినా అని అడిగితే నవ్వేవాడు. ఇన్నేళ్లు మిషన్ పట్టిన చెయ్యి కదా, మిషన్ ఆగిపోయిందని దానికి ఇంకా తెలియలేదు అనేవాడు. మేమూ నవ్వాం. పని చేస్తున్నప్పుడు వణుకు తగ్గేది కాబట్టి పళ్లెం సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒక ఆదివారం పళ్లెం పట్టుకుని వరస మొదట్లో కాసేపు నిలబడవలసి వచ్చింది. నిలబడగానే చేతిలో వణుకు మళ్లీ లేచింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. సన్నటి చప్పుడే, కానీ అంత నిశ్శబ్దంలో అది చర్చి చివరిదాకా వినిపించింది. వంచిన తలలు ఒక్కొక్కటే లేచాయి. ఆయన చేతులను చూశారు, తర్వాత ముఖం చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మూడో చూపు నేను మరిచిపోలేను.

మా దిక్కు కల్లు సంగతి తెలియనివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. చెట్టు మీంచి దించిన కల్లు వేరు, దుకాణంలో మత్తుమందు కలిపి అమ్మే కల్లు వేరు. ఆ మందుకు అలవాటు పడ్డ మనిషికి ఒక పూట అది అందకపోతే చేతులు వణుకుతాయి. ముఖం బిగుసుకుపోతుంది, మాట ముద్దముద్దగా వస్తుంది, అడుగు సరిగా పడదు. ఇది ప్రతి బస్తీలో చూసేదే, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా పెద్దనాయినకు వచ్చినవి కూడా ఇవే. చేతుల వణుకు, కదలని ముఖం, తగ్గిన గొంతు, పీట మీద నుంచి లేవడానికి పట్టే ఆ ఆలస్యం. కల్లు మానమని అందరికీ చెప్పిన మనిషి చాటుగా తాగుతున్నాడని ఊరు తేల్చేసింది. రోగమని ఆయన ఒకరిద్దరికి చెప్పి చూశాడు. తాగే ప్రతివాడూ రోగమనే చెప్తాడు కదా, సరే సరే అన్నట్టు తలలూపారు. ఒకరోజు పెద్దమ్మ కూడా అన్నం పెడుతూ పెడుతూ ఆయన ముఖం దగ్గరికి వంగిందట. ఎందుకు వంగిందో ఆయనకు అర్థమై నోరు తెరిచి చూపించాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా పెద్దమ్మ గోడవైపు తిరుగుతుంది.

అయ్యగారు చెడ్డవారు కాదు. ఇంటికొచ్చి, టీ తాగి, మెల్లగా చెప్పారు. "అన్నా, జర కొన్ని దినాలు ఆరాం తీస్కో. నీ కోసం అందరం ప్రార్థన చేస్తున్నం." పళ్లెం వేరేవాళ్లకు పోయింది. ఆరాం తీసుకొమ్మన్నది ఆయన తట్టుకున్నాడు. అందరూ ప్రార్థన చేస్తున్నారన్నదే తట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

రోగం ఆచూకీ వికారాబాదులో దొరికింది. నాకు తెలిసిన డాక్టరొకాయన ఆయన్ను అటూ ఇటూ నడిపించి, చూశావా అమ్మా, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం లేదు అన్నాడు. ఇన్నాళ్లు ఆయన పక్కన నడిచిన నేను అది చూడలేదు. హైదరాబాదు పంపారు, అక్కడ పార్కిన్సన్స్ అన్నారు. మెదడులో కదలికలను నడిపే ఒక రసాయనం తగ్గిపోతూ వస్తుందట. గోలీలు ఇచ్చారు. నడకకూ పనులకూ కొన్నేళ్లు బాగానే పనిచేశాయి, వణుకును మాత్రం పట్టలేదు. తర్వాత ఒక గోలీకి మరో గోలీకి మధ్య ఆయన బిగుసుకుపోవడం మొదలైంది. గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేవి.

అప్పుడు హైదరాబాదు డాక్టరమ్మ కొత్త పద్ధతి ఒకటి చెప్పింది. తల మీద అయస్కాంతం లాంటి పరికరం ఆనించి, పైనుంచే మెదడుకు చిన్న చిన్న తాకిళ్లు ఇస్తారు. కోత లేదు, మత్తు లేదు. ఆమె ఆశ పెట్టలేదు, సూటిగా చెప్పింది. రోగం పోదు, గోలీలు మానొద్దు, దీని మీద పరిశోధనలు ఇంకా జరుగుతున్నాయి, కొందరికి కొన్నాళ్లపాటు కదలిక తేలికవుతుంది, కొందరికి ఏ తేడా ఉండదు. పెద్దనాయిన అంతా విని ఒక్కటే అడిగాడు. "పళ్లెం పట్టుకోవచ్చునా అమ్మా?" ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పాను. చెప్పలేను, చూద్దాం అన్నది.

వారాల తరబడి, ఆదివారాలు తప్ప దాదాపు రోజూ పోవాలి. తాండూరు నుంచి అంత దూరం రోజూ కష్టమని ఇద్దరినీ వికారాబాదుకు, మా ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున రైలెక్కి పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాళ్లం. మొదటి రోజే చిక్కు వచ్చిపడింది. ఆ పరికరం ఉన్న గది మానసిక వైద్య విభాగంలో ఉంది. బోర్డు చదివి పెద్దనాయిన తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. "ఇన్ని దినాలు తాగుబోతన్నరు. ఇప్పుడు పిచ్చోడంటరా? తలకు కరెంటు పెడ్తున్నరని తెలిస్తే నాకు తాండూరుల తిరగొస్తదా బిడ్డా?" ఆ వరండాలో మా ఊరివాళ్లెవరైనా ఉన్నారేమోనని నేనూ చుట్టూ చూశాను. ఉన్న మాట చెప్తున్నాను, నాకూ సిగ్గేసింది. పక్కింటివాళ్లు అడిగితే కళ్ల ఆపరేషన్ కోసం వచ్చారని చెప్పాం. తాండూరువాళ్లకు బిడ్డ దగ్గర కొన్నాళ్లు ఉండడానికి పోతున్నామని చెప్పాం. రోగానికి వైద్యం చేయించుకుంటూ దొంగల్లా తిరిగాం.

గదిలో భయపడేంత ఏమీ లేదు. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, గుండెకు మిషన్ వేశారా, తలలో ఎక్కడైనా లోహం ఉందా అని అడిగి, గడియారం తీయించి, చెవులకు బిరడాలు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనిమిది అంకెలా ఉన్న నల్లటి చుట్టను తల మీద ఆనించి అటూ ఇటూ జరుపుతూ ఒక్కొక్క దెబ్బ వేశారు. టక్, టక్. ఉన్నట్టుండి ఆయన బొటనవేలు దానంతటదే పైకి లేచింది. చేతికి సంబంధించిన చోటు దొరికిందని డాక్టరమ్మ గుర్తు పెట్టుకుంది. పెద్దనాయిన తన వేలిని తనే వింతగా చూసుకున్నాడు. "ఇంట్ల నేను చెప్పినా ఇనది. ఇక్కడ మీరు నెత్తి మీద కొడితే ఇంటది" అన్నాడు. ఆ గదిలో అందరం నవ్వాం. తర్వాత రోజూ అదే చప్పుడు, ఒకే వరసగా, బండ మీద ఉలి దెబ్బల్లా. ఆయనకు ఆ చప్పుడు పరాయిది కాదు, రెండో వారానికి కుర్చీలోనే కునుకు తీయబోయేవాడు. నిద్రపోవద్దు తాతా అని లేపేవాళ్లు.

మొదట్లో ఏ తేడా కనిపించలేదు. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, ఇదంతా ఉత్తదేమో బిడ్డా అని రోజూ అడిగేది. మా వికారాబాదు ఇంట్లో పరిచినవి తాండూరు బండలే, ఆయన దగ్గరుండి ఏరి పంపినవి. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయినప్పుడు ఆయన కిందికి చూసి, రెండు బండల మధ్య గీతను దాటుతున్నట్టు అడుగు ఎత్తేవాడు. అప్పుడు కాలు కదిలేది. డాక్టరమ్మకు చెబితే, చాలామందికి అలా గీత కనిపిస్తే అడుగు పడుతుంది అన్నది. కొన్ని వారాలయ్యాక ఒక పొద్దున ఆయన గీత వైపు చూడకుండానే గుమ్మం దాటి వచ్చి, నేను మాడ్చిన ఉప్మా చూసి నవ్వాడు. పెదవులు కాదు, ముఖమంతా నవ్వింది. పెద్దమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "గీ నవ్వు చూసి ఎన్ని దినాలాయె" అన్నది. వణుకు పూర్తిగా పోలేదు, కానీ బాగా సన్నబడింది. ఆ రోజు సాయంత్రం స్టీలు పళ్లెంలో మా ఇంట్లో ఉన్న చిన్న గ్లాసులన్నీ పెట్టి, నీళ్లు పోసి, హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మోగలేదు.

తాండూరు వెళ్లిన తర్వాత వచ్చిన బల్ల ఆదివారం నేనూ వెంట పోయాను. ఆయన అయ్యగారి దగ్గరికి పోయి చేతులు చాపి చూపించాడు. అయ్యగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేరుగా మైకు దగ్గరికి వెళ్లి, మన పెద్దన్నను ప్రభువు కల్లు బానిసత్వం నుంచి విడిపించాడు, ఆ చేతులు చూడండి అని చెప్పారు. చప్పట్లు మోగాయి. ముసలమ్మలు వచ్చి ఆయన చేతులు కళ్లకు అద్దుకున్నారు. అన్ని రోజులు ఆయనతో మాట్లాడనివాళ్లు భుజం తట్టారు. పెద్దనాయిన నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. ఇంతలో ఎవరో పళ్లెం తెచ్చి ఆయన చేతుల్లో పెట్టారు.

పళ్లెం పట్టుకుని వరస వెంట నడిచాడు. గ్లాసులు మాట్లాడలేదు. నా ముందుకు వచ్చినప్పుడు ఆయన పాదాలు చూశాను, తల ఎత్తి ముఖం చూసే ధైర్యం చాలలేదు.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆయనే చెప్పాడు. "పళ్లెం ముంగట వెట్టిండ్రు బిడ్డా. ఆశపడ్డ." ఆ మాట అంటూ ఆయన తల దించుకున్నాడు. చేయని తప్పు మానేశానని మెప్పు తీసుకోవడం తప్పు చేయడం కంటే ఎక్కువ సిగ్గుగా ఉందన్నాడు. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నాడు. హాస్పిటల్ సంగతి, అయస్కాంతం సంగతి, ఆ బోర్డు సంగతి కూడా. నేను సంతోషించాను.

కానీ బయటికి వస్తుంటే చర్చి గేటు దగ్గర ఆ లోడు తమ్ముడు కాచుకుని ఉన్నాడు. అప్పటికి ముప్పై అయిదు దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, సాయంత్రమైతే దుకాణం దగ్గరే ఉండేవాడు. ఆయన చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. అతని చేతులు వణుకుతున్నాయి. "నీ అసుంటోనికే పోయిందంటే నాకు గూడ పోతదా పెద్దయ్యా?" అని అడిగాడు. పెద్దనాయిన అతని చేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఒక్కనివి బంద్ జెయ్యకు, పాణం మీదికొస్తది. రేపు పొద్దుగాల మా ఇంటికి రా, ఇద్దరం దవాఖానకు పోదాం" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన చాలా జాగ్రత్తగా ఏరుకున్న మాటలవి.

చెప్తానన్న ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా చెప్పలేదు. నేను కోప్పడ్డాను. ఆయన పేరు ఆయన నిలబెట్టుకోకపోతే ఎలా అన్నాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తానని కూడా బెదిరించాను. ఆయన తొందరపడలేదు. "నేను తాగలేదని చెప్తే, కల్లు బంద్ అయితదని నన్ను చూసి నమ్మినోడు ఏమైతడు? ఆడు ఇంక గడ్డ మీదికి ఎక్కలే బిడ్డా." గడ్డ మీదికి ఎక్కాక చెప్దామన్నాడు. డాక్టర్లు మందులిచ్చి కొంచెం కొంచెంగా అలవాటు తప్పించారు. పొద్దున్నే ఇద్దరూ బండముక్కల కుప్పల పక్క నుంచి నడవడానికి పోయేవాళ్లు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసేవాళ్లకు తెలిసేది కాదు. ఆ తమ్ముడి భార్య ఒకరోజు పెద్దమ్మకు సంచెడు కందులు తెచ్చి ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయిందట.

డాక్టరమ్మ ముందే చెప్పినట్టు, కొన్ని నెలలకు వణుకు తిరిగొచ్చింది. మళ్లీ వికారాబాదు వచ్చారు, మళ్లీ రైలు, మళ్లీ ఆ కుర్చీ. ఈసారి అంతగా పనిచేయలేదు. ఒక శనివారం సాయంత్రం గ్లాసులు కడిగి పళ్లెంలో పేర్చి ఎత్తగానే మోగాయి. పెద్దమ్మ పక్కనే ఉంది. ఆయన పళ్లెం దించి, గ్లాసులను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడట. మర్నాడు అయ్యగారికి కబురు పెట్టాడు. మోకాళ్లు నొప్పి, రాలేను, పళ్లెం ఆ తమ్ముడికి ఇవ్వండి అని.

ఆ తర్వాత ఆయన చర్చికే పోలేదు. అంత ప్రాణంగా చూసుకున్న చోటికి పోలేదు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. అడిగితే విసుక్కున్నాడు, ఆయన నా మీద విసుక్కోవడం అదే మొదలు. "ఈ చేతులు చూస్తే మళ్ల షురూ జేసిండనుకుంటరు. అందరు అనుకుంటే నాకేం ఫికర్ లేదు. ఆడనుకుంటే?" అన్నాడు.

ఆ తమ్ముడు ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఇంటికి వచ్చేవాడు. అతని గొంతు గేటు దగ్గర వినిపించగానే పెద్దనాయిన దుప్పటి కప్పుకుని చేతులు లోపల పెట్టుకునేవాడు. ఎండాకాలంలో కూడా అంతే. తాండూరు ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెమటలు కారుతుంటే, జ్వరమొచ్చిందా పెద్దయ్యా అని అతను ఫ్యాను పెంచేవాడు. నేను ఆఖరిసారి చూసినప్పుడు కూడా ఆయన అలాగే ఉన్నాడు. దుప్పటి కింద చేతులు ఆడుతుంటే పైన బట్ట సన్నగా కదులుతోంది. అతను అది చూడకూడదని పెద్దనాయిన ఆ రోజు అతని పిల్లల గురించి అడుగుతూనే ఉన్నాడు, ఒక ప్రశ్న అయిపోగానే ఇంకో ప్రశ్న.

భూస్థాపన నాడు పెద్దమ్మ నా చెయ్యి ఎందుకు పట్టుకుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కానీ ఇంటికొచ్చాక ఆమె కూడా స్థిమితంగా ఉండలేకపోయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. బతికున్నన్నాళ్లు ఆయన మోశాడు, చచ్చిపోయాక కూడా మోయాలా అన్నది ఒకరోజు. ఆ తమ్ముణ్ణి పిలిపించింది. నేను పక్కనే ఉన్నాను. మొదటి నుంచీ చెప్పింది. రోగం పేరు సరిగా పలకలేక నా వైపు చూస్తే నేను అందించాను.

మరి నాకెందుకు చెప్పలేదని అతను అడిగాడు. చెప్తే నువ్వు మళ్లీ దుకాణానికి పోతావని భయపడ్డాడు కొడుకా అన్నది పెద్దమ్మ. "పోతుండె" అన్నాడు అతను, దాచకుండా. "ఎండకాలంల దుప్పటి గప్పుకుంది గందుకేనా?" అని అడిగాడు. పెద్దమ్మ తలూపింది. అప్పుడు అతను ముఖం మోకాళ్లలో పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, అక్కా, నువ్వు సదువుకున్నదానివి, ఇది రాయి, అందరికీ తెలియాలి అన్నాడు.

మొన్నటి బల్ల ఆదివారం నేను తాండూరులోనే ఉన్నాను. సాక్ష్యాల సమయంలో అతను లేచాడు. "ఆ దినం నేను తప్పు జెప్పిన. పెద్దయ్య ఎన్నడు తాగలే. ఆయనది రోగం. నా కోసం దాసుకున్నడు." అంతే, కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు మైకు ముందు నిలబడి ఏదో మొదలుపెట్టి ఆపేశారు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, బల్ల దగ్గరికి రండి అన్నారు.

మోకాళ్ల మీద కూర్చున్నాం. నా పక్కన పెద్దమ్మ. అయ్యగారు రొట్టె ఇచ్చుకుంటూ ముందుకు వెళ్లారు. అతను పళ్లెం ఎత్తాడు. ఎత్తగానే గ్లాసులు మోగాయి. వరస ఆ చివర మొదలైన ఆ సన్నటి చప్పుడు ఒక్కొక్క మనిషి దగ్గర ఆగుతూ, మళ్లీ బయలుదేరుతూ మా వైపు వచ్చింది. ఈసారి ఒక్క తల కూడా లేవలేదు. అందరి మెడలు ఎప్పటికంటే ఇంకా కిందికి వంగి ఉన్నాయి, నాది కూడా. అతని పాదాలు నా ముందు ఆగాయి. నేను నా గ్లాసు తీసుకున్నాను. మిగిలినవి అలాగే మోగుతూ పెద్దమ్మ దగ్గరికి పోయాయి.